కాలేయపు కాన్సరును కనిపెట్టు చిత్రపరీక్షలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



పల్లెలలో తరచుగా జరుగు నొక విషయముతో ఈ ప్రసంగము ఆరంభమగుచున్నది. కుడి డొక్కలో బరువుగా నున్నదని, ఆకలి లేదని, ఒడలు చిక్కిపోవుచున్నదని ఒక ఇంటి యజమాని శ్రీకాకుళమునకో విజయనగరమునకో పోయి వైద్యునికి చూపించుకొనును. అచట కడుపునకు అల్ట్రాసౌండు పరీక్ష చేసి, కాలేయములో గడ్డ యొకటి కనబడుచున్నదని, విశాఖపట్నము వెళ్లవలెనని చెప్పుదురు. విశాఖలో సి.టి. స్కాను తీయుదురు. దానిని చూచిన వైద్యులు ఎం.ఆర్.ఐ. కూడ కావలెనని అనవచ్చును. అప్పుడు ఇంటివారికి అనుమానము పుట్టును. "ఒకపాలి బొమ్మ తీసినారు కదా! అదే కడుపు, అదే కార్జము. మళ్లీ మళ్లీ తీయడము సొమ్ము గుంజడానికి కాక మరెందుకు?" అని యనుకొందురు. కొందరు నడుమనే ఊరికి మరలుదురు. రెండు మూడు నెలలు నాటుమందులతో గడచిపోవును. కాలేయపు కాన్సరు విషయమున ఆ కొద్ది నెలలే కోయదగిన గడ్డను కోయరాని గడ్డగా మార్చివేయవచ్చును.

ఇంటివారి ప్రశ్నలో తప్పు లేదు. సొమ్ము వారిది, ప్రాణము వారిది. కాని ఆ ప్రశ్నకు సమాధానము తెలియక వెనుకకు మరలుటలోనే ప్రమాదమున్నది. ఒక భూమి విషయమే చూడుడు. ఏ పంట యున్నదో అడంగలు చెప్పును. హద్దు లెక్కడనో కొలతపటము చెప్పును. హక్కు ఎవరిదో పట్టా చెప్పును. గట్టు ఈ ఏడు ఎంత జరిగినదో పొలమునకు పోయి గొలుసు వేసిన గాని తెలియదు. అడంగలు ఉన్నది గదా, కొలతపటమెందుకని రైతు అడుగడు. కాలేయమునకు తీయు చిత్రములును ఇట్టివే. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు జవాబు చెప్పును. ఏది ఏ ప్రశ్నకు జవాబో తెలిసికొనుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ముందుగా కాలేయమును గూర్చి కొంత చెప్పుకొనవలెను. అది కుడి ప్రక్కటెముకల చాటున నుండు అవయవము. పెద్దవారిలో సుమారు ఒకటిన్నర కిలోల బరువుండును. దానికి రెండు విశేషములు కలవు. మొదటిది, దానిలో కొంత భాగమును కోసి తీసివేసినను మిగిలినది తిరిగి పెరుగును. కాన్సరు గడ్డను శస్త్రచికిత్సతో తొలగించుట సాధ్యమగుచున్నది ఈ గుణము వలననే. రెండవది, దానికి రక్తము రెండు మార్గములలో వచ్చును. ప్రేగుల నుండి వచ్చు నిర్వాహక సిర సుమారు మూడు వంతుల రక్తమును తెచ్చును. గుండె నుండి వచ్చు కాలేయ ధమని తక్కిన యొక వంతును తెచ్చును. రెండు కాలువలు పారు మడి వంటిది కాలేయము. ఈ రెండు కాలువల సంగతి గుర్తుంచుకొన్నచో తరువాత చెప్పబోవునది సులభముగా బోధపడును.

కాలేయములో కనబడు కాన్సరు రెండు విధములు. కాలేయముననే పుట్టునది యొకటి. పెద్దప్రేగు మొదలైన చోట్ల పుట్టి రక్తము వెంట ఇచటికి వచ్చి స్థిరపడునది మరియొకటి. మొదటిది చాలవరకు అంతకు ముందే చెడియున్న కాలేయములో పుట్టును. హెపటైటిస్ బి, సి అను సూక్ష్మక్రిముల వలన గాని, సారాయి వలన గాని, మధుమేహముతో కూడిన కొవ్వు వలన గాని కాలేయము ఏండ్ల తరబడి దెబ్బతిని, గట్టిపడి, గంతులు కట్టును. దీనినే సిర్రోసిస్ అందురు. ఆ గంతుల నడుమ ఒక చిన్న కాన్సరు గంతు దాగియున్నచో దానిని వేరుచేసి చూచుట కష్టము.

ఇక పరీక్షలలో మొదటిది అల్ట్రాసౌండు. సెకండుకు 20,000 కంపనములు మించిన శబ్దము మనుష్యుని చెవికి వినబడదు. అట్టి శబ్దమును కడుపులోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనులతో బొమ్మ గీయుటయే ఈ పరీక్ష. అతిధ్వనులను గూర్చిన విద్య మన ప్రాంతమునకు కొత్తది కాదు. బాల్యమున విశాఖపట్నములో చదువుకొన్న చంద్రశేఖర వేంకట రామన్, నాగేంద్రనాథునితో కలసి, అతిధ్వని తరంగములు వెలుగును ఎట్లు చెదరగొట్టునో 1935, 1936 సంవత్సరములలో సిద్ధాంతీకరించెను. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య సూరి భగవంతము ఈ విషయముననే పరిశోధనలు చేయించెను. ఆ పరిశోధనలు వైద్యమునకై చేసినవి కావు. ఐనను ఆ శాస్త్రము సముద్రతీరపు ఈ విద్యాలయములో వర్ధిల్లినదని తెలిసికొనుట మనకు సంతోషకరము.

అల్ట్రాసౌండు ఖర్చు తక్కువ. కిరణముల బాధ లేదు. యంత్రమును మంచము వద్దకే తేవచ్చును. కావుననే సిర్రోసిస్ ఉన్నవారికి ఆరు నెలల కొకమారు ఈ పరీక్ష చేయవలెనని వైద్యశాస్త్రము నిర్ణయించినది. కాని దీనికి లోపములు కలవు. ప్రేగులలోని వాయువును, ఎముకను దాటి శబ్దము చూడలేదు. ఒడలు స్థూలమైనచో బొమ్మ మసకబారును. కాలేయపు పైకొన, ఊపిరితిత్తుల క్రిందనుండు భాగము, సరిగా అందదు. చేయువాని చేతి నేర్పును బట్టి ఫలితము మారును. అనేక అధ్యయనములను ఒకచో చేర్చి 2018లో ప్రకటించిన సమీక్ష ప్రకారము, తొలిదశలోని గడ్డలలో నూటికి 45 మాత్రమే ఒక్క అల్ట్రాసౌండునకు చిక్కినవి. ఎ.ఎఫ్.పి. అను రక్తపరీక్ష తోడైనచో ఆ సంఖ్య 63 అయినది. కావున అల్ట్రాసౌండు "ఏదో ఉన్నది" అని చెప్పినచో నమ్మి ముందుకు పోవలెను. "ఏమియు లేదు" అని చెప్పినచో నెమ్మదిపడవచ్చును గాని, ఆరు నెలలకు మరల చేయించుట మానరాదు.

ఉన్నదని తెలిసిన పిదప, అది ఏది యను ప్రశ్న పుట్టును. గడ్డలన్నియు కాన్సరు కావు. రక్తనాళములు ముద్దకట్టిన నిరపాయకరమైన గడ్డలు, నీటి బుడగలు, చీము గడ్డలు కూడ కాలేయములో నుండును. ఇచట నలోపాఖ్యానము స్మరణకు వచ్చుచున్నది. స్వయంవర సభలో నలుడును, నలుని రూపము ధరించిన నలుగురు దేవతలును దమయంతి యెదుట కూర్చుండిరి. రూపమున ఐదుగురు నొక్కటే. ఆమె రూపమును విడిచి లక్షణములను పరికించినది. చెమట పట్టనివారు, రెప్ప వేయనివారు, నీడ లేనివారు దేవతలని గ్రహించి, అవి గల నలుని వరించినది. సి.టి. స్కాను చేయునదియు ఇదియే. అది గడ్డ రూపముతో తృప్తిపడక, మందు ఎక్కించినప్పుడు ఆ గడ్డ ఎట్లు ప్రవర్తించునో చూచును.

సి.టి. యంత్రము ఎక్స్ కిరణములతో శరీరమును పలుచని పొరలుగా చూపును. దీనిని గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ ఇంగ్లండులో నిర్మించెను. 1971లో తొలిసారి ఒక రోగి మెదడును దీనితో చూచిరి. 1979లో ఆయనకును, గణితమార్గమును చూపిన అల్లెన్ కార్మాకునకును నోబెలు బహుమతి లభించినది. కాలేయమునకు ఈ పరీక్ష చేయునపుడు చేతి నరములోనికి అయొడిను గల మందును వేగముగా ఎక్కింతురు. ఆ మందు ముందుగా ధమని కాలువలో, అనగా సుమారు అర నిమిషమునకు, కాలేయమును చేరును. నిమిషము దాటిన పిదప నిర్వాహక సిర కాలువలో నిండుగా పారును. కాలేయముననే పుట్టిన కాన్సరు గడ్డ తన రక్తమును చాలవరకు ధమని నుండియే తీసికొనును. కావున మొదటి బొమ్మలో అది చుట్టుపట్లకంటె తెల్లగా వెలుగును. తరువాతి బొమ్మలలో చుట్టునున్న కాలేయము మందుతో నిండి తెల్లబడగా, గడ్డ వెలవెలబోయి నల్లబడును. సిర్రోసిస్ గల కాలేయములో ఒక సెంటిమీటరు మించిన గడ్డ ఇట్లు మొదట వెలిగి పిదప ఆరినచో, సూదితో ముక్క తీయకయే కాన్సరని నిర్ధారించుటకు వైద్యులు ధైర్యము చేయుదురు. పెద్దప్రేగు నుండి వచ్చిన గడ్డలు తరచుగా ఇందుకు భిన్నముగా, రెండవ కాలువ పారునపుడు నల్లని మచ్చలుగా బయటపడును. ఒకే పరీక్షలో మూడు నాలుగు మారులు బొమ్మ తీయుటకు కారణమిదియే. ఊపిరి బిగబట్టుమన్నప్పుడు రోగి బిగబట్టనిచో ఈ శ్రమ యంతయు చెడును.

సి.టి. నిమిషములలో ముగియును. ఊపిరితిత్తులు, ఎముకలు, ఇతర అవయవములు కూడ కనబడును. రక్తనాళముల దారి చక్కగా తెలియును. కాని ఒక సెంటిమీటరునకు లోపలి గడ్డలను అది తరచుగా తప్పిపోవును.

అక్కడ ఎం.ఆర్.ఐ. అక్కరకు వచ్చును. ఇందులో ఎక్స్ కిరణములు లేవు. బలమైన అయస్కాంతము మధ్య శరీరములోని నీటి యందలి హైడ్రోజను అణువులను కదిలించి, అవి పలుకు సంకేతములతో బొమ్మ గీయుదురు. ఈ విద్యకై పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ అనువారికి 2003లో నోబెలు బహుమతి వచ్చినది. కాలేయమునకై ప్రత్యేకించిన ఒక మందు కలదు. దానిని ఆరోగ్యముగల కాలేయ కణములు తమలోనికి పీల్చుకొనును. ఎక్కించిన సుమారు ఇరువది నిమిషములకు కాలేయమంతయు వెలుగును. పని మరచిన కాన్సరు కణములు పీల్చుకొనజాలవు గనుక గడ్డ చీకటి మచ్చగా నిలుచును. 2018లో ప్రకటించిన మరియొక సమీక్షలో, కాలేయమున పుట్టిన కాన్సరు గడ్డలలో సి.టి. నూటికి 66 పట్టగా, ఎం.ఆర్.ఐ. 82 పట్టినట్లు తేలినది. ఐనను దీనికి అరగంటకు పైగా పట్టును. ఇరుకు గొట్టములో, పెద్ద చప్పుడు నడుమ కదలక పరుండవలెను. కడుపులో నీరు చేరినవారికి ఊపిరి బిగబట్టుట కష్టమై బొమ్మ చెడును. గుండెకు యంత్రము అమర్చుకొన్నవారు, ఒంటిలో లోహపు ముక్కలున్నవారు ఆ సంగతి ముందుగా చెప్పి తీరవలెను.

పెట్ స్కాను అను మరియొక పరీక్షను గూర్చి జనులకు గొప్ప నమ్మకము కలదు. అన్నిటికంటె ఖరీదైనది గనుక అన్నిటికంటె మేలైనదని తలచుదురు. అది సరికాదు. అందులో కిరణశక్తి గల చక్కెర వంటి పదార్థము నెక్కించి, దానిని ఎక్కువగా తిను కణములను చూతురు. కాలేయమున పుట్టిన కాన్సరులలో చాల గడ్డలు కాలేయపు స్వభావమును పూర్తిగా విడువక, తీసికొన్న చక్కెరను తిరిగి విడిచివేయును. అందుచేత వాని జాడ పెట్ స్కానులో కనబడకపోవచ్చును. వ్యాధి కాలేయము దాటి వేరొక చోటికి పాకినదా యని చూచుటకు, ప్రేగు నుండి వచ్చిన గడ్డల విషయమున, అది మంచి సాధనము. ఖరీదు వేరు, తగియుండుట వేరు.

శ్రీకాకుళము జిల్లావారు విశేషముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఉద్దానములో, అనగా కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో, కారణము తేలని మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా ప్రజలను పీడించుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండముల పరిశోధన కేంద్రమును, ఆసుపత్రిని ఆరంభించిరి. సి.టి. స్కానులో వాడు అయొడిను మందును వెలుపలికి పంపవలసినవి మూత్రపిండములే. అవి బాగుగా నున్నవారికి భయము లేదు. మిక్కిలి క్షీణించినవారికి ఆ మందు మరింత హాని చేయవచ్చును. ఎం.ఆర్.ఐ.లో వాడు గడోలినియం మందులలో కొన్ని పాత రకములు, మూత్రపిండములు పనిచేయనివారిలో చర్మమును, కీళ్లను బిగియజేయు కఠినవ్యాధిని కలిగించినవని 2006లో బయటపడినది. నేడు వాడు రకములలో ఆ ఆపద మిక్కిలి అరుదు. కావున ఉద్దానమువాడు కాలేయపు గడ్డతో విశాఖకు పోయినపుడు, తనకు క్రియాటినిన్ ఎంత యున్నదో, డయాలిసిస్ జరుగుచున్నదో లేదో, ఎవరు అడిగినను అడుగకపోయినను చెప్పవలెను. పాత రక్తపరీక్ష కాగితమును చూపవలెను.

అట్టివారికి దారి మూసుకొనిపోలేదు. అల్ట్రాసౌండుతోనే వాడు మందొకటి కలదు. అది రక్తకణముల కంటె చిన్నవైన వాయు బుడగల ద్రవము. బుడగలలోని వాయువు ఊపిరితోనే వెలుపలికి పోవును. మూత్రపిండములకు దానితో పని లేదు. సి.టి.లో వలెనే గడ్డ మొదట వెలుగుట, పిదప ఆరుట దీనిలోను కనిపించును. కాని ఒకమారు ఒక గడ్డనే నిదానించి చూడగలము, కాలేయమంతయు గాలింపలేము. మందు ఎక్కింపకయే తీయు ఎం.ఆర్.ఐ. చిత్రములు కూడ కొంత చెప్పగలవు. ఏది తగునో వైద్యుడు నిర్ణయించును. ఆ నిర్ణయమునకు కావలసిన సమాచారము మాత్రము రోగి వద్దనే యున్నది.

గడ్డ కాన్సరని తేలినది. కోయవచ్చునా? ఇది మూడవ ప్రశ్న. 1957లో ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు క్లాడ్ క్వినో కాలేయమును రక్తనాళముల దారులను బట్టి ఎనిమిది ఖండములుగా విభజించి చూపెను. ఏ ఖండములను తీయవలెనో, ఏ నాళములను విడువవలెనో సి.టి. బొమ్మ మీదనే ముందుగా గీతలు గీయుదురు. మిగులు భాగము ఎంతయో కొలుతురు. ఆరోగ్యముగల కాలేయమైనచో నాలుగవ వంతు మిగిలినను మనుష్యుడు బ్రతుకగలడు. సిర్రోసిస్ ఉన్నచో నూటికి నలుబది వంతులైనను మిగులవలెను. అంత మిగులదని తేలినచో, గడ్డ వైపునకు పోవు నిర్వాహక సిర కొమ్మను మూసివేసి, కొన్ని వారములు ఆగుదురు. ఆ వ్యవధిలో రెండవ వైపు పెరుగును. మరల సి.టి. తీసి కొలుతురు. ఈ రెండవ సి.టి.ని దండుగ యనుకొని మానినవాడు, గట్టు కొలువక అమ్మకపు కాగితము వ్రాసినవాని వంటివాడు.

శస్త్రచికిత్స గదిలో కూడ చూపు అవసరమే. కడుపు తెరచిన పిదప, కాలేయము మీదనే అల్ట్రాసౌండు సాధనమును ఆనించి చూతురు. జపాను దేశమున మసతోషి మకూచి మొదలగు శస్త్రవైద్యులు ఈ పద్ధతిని వ్యాప్తికి తెచ్చిరి. ఎముక, కొవ్వు, వాయువు అను అడ్డములు అచట లేవు. వెలుపలి నుండి మసకగా చూచిన సాధనమే ఇచట స్పష్టముగా చూచును. ఏ పరీక్షకు చిక్కని చిన్న గడ్డ యొకటి బయటపడవచ్చును. కత్తి పోవు దారిలో ఏ సిర యున్నదో తెలియును. ముందు వేసికొన్న ఎత్తు అప్పటికప్పుడు మార్చుకొనవలసి రావచ్చును. "లోపలికి పోయిన పిదప మరికొంత తీయవలసి వచ్చినది" అని వైద్యుడు చెప్పినచో, అది ముందటి పరీక్షలు అబద్ధమాడినందువలన కాదు. సిర్రోసిస్ కాలేయములో కొత్తగా కనబడు గంతులన్నియు కాన్సరు కావు గనుక, అచటను తొందరపడక లక్షణము చూచియే తీర్పు చెప్పుదురు. ఇండోసయనిన్ గ్రీన్ అను ఆకుపచ్చని రంగును ముందు దినములలో ఎక్కించి, ప్రత్యేకమైన కెమేరాతో గడ్డ మెరయుటను చూచు పద్ధతియు వచ్చినది. అది పైపొరలోని సెంటిమీటరు లోతువరకే చూపును.

శస్త్రము జరిగినది, రోగి ఇంటికి వచ్చినాడు. అంతటితో కథ ముగియలేదు. తొలి దినములలో రక్తముగాని పైత్యరసముగాని చేరినదా యని అల్ట్రాసౌండుతోను, కావలసినచో సి.టి.తోను చూతురు. పిదప మొదటి రెండేండ్లు మూడు నాలుగు నెలల కొకమారు, ఆపైన ఆరు నెలల కొకమారు చిత్రములు తీయుట వాడుక. కారణము స్పష్టము. కాలేయముననే పుట్టిన కాన్సరును కోసినవారిలో ఐదేండ్ల లోపల నూటికి డెబ్బది మంది వరకు వ్యాధి మరల తలయెత్తవచ్చును. చిన్నదిగా నుండగా పట్టినచో మరల కోయవచ్చును, కాల్చవచ్చును, వేరు చికిత్స చేయవచ్చును. పెద్దదైన పిదప పట్టిన ప్రయోజనము తక్కువ. "ఆపరేషను అయినది, ఒంట్లో బాగున్నది, ఇక ఎందుకు" అని మానుటయే ఇచట పెద్ద తప్పు.

కోసిన కాలేయము ఆకారము మారును. కోత అంచున నీరు, మచ్చ, ముడుత ఏర్పడును. కొత్త బొమ్మ యొక్కటే చూచినవానికి అది గడ్డయో, మానిన గాయమో చెప్పుట కష్టము. నాలుగు నెలల నాటి బొమ్మ ప్రక్కన పెట్టినచో నిజము తేలిపోవును. ఉన్నదున్నట్లే యున్నచో మచ్చ, పెరిగినచో గడ్డ. కావున చిత్రపరీక్ష లన్నిటిలో ఎక్కువ విలువ గలదియు, ఒక్క పైసా ఖర్చు లేనిదియు ఏదనగా, పాత చిత్రము. దానిని దూలము సందున చెక్కి చెదలకు విడువక, ఫిల్ములను, కాగితములను, సి.డి.లను తారీఖు వరుసను సంచిలో భద్రపరచి, ప్రతిమారు వెంట తీసికొనిపోవలెను.

వ్యయము మాట. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా ఆరంభమై, 2024 నుండి ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర నడచుచున్న ప్రభుత్వ పథకమున కాన్సరు శస్త్రచికిత్సలు చేరియున్నవి. విశాఖపట్నములో 1923 నుండి నేటి స్థానమున నున్న కింగ్ జార్జి ఆసుపత్రియు, టాటా మెమోరియల్ వారి యాజమాన్యమున అగనంపూడిలో నడచు హోమీ భాభా కాన్సరు ఆసుపత్రియు కలవు. ఏ పరీక్ష పథకము క్రింద వచ్చునో ఆసుపత్రిలో ముందే అడిగి తెలిసికొనుట మేలు.

అసలు గడ్డ పుట్టకుండ చూచుకొనుట అన్నిటికంటె మేలు. హైదరాబాదులో కె. ఐ. వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో హెపటైటిస్ బి టీకాను స్వదేశమున తయారుచేసి అందరికి అందుబాటులోనికి తెచ్చినది. శిశువు పుట్టిన ఇరువదినాలుగు గంటలలో ఈ టీకా పడవలెను. పెద్దలు ఒకమారు రక్తపరీక్ష చేయించుకొని తమకు ఆ క్రిమి ఉన్నదో లేదో తెలిసికొనవలెను.

వైద్యుడు మరియొక పరీక్ష వ్రాసినపుడు నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడుగవచ్చును. ఈ పరీక్ష ఏ సంగతి తేల్చును? ముందటిది ఎందుకు చాలలేదు? దీని ఫలితమును బట్టి చికిత్స మారునా? మూత్రపిండముల దృష్ట్యా మందు ఎక్కింపవచ్చునా? జవాబు తెలిసినవాడు నడుమ మరలి రాడు. అవసరము లేని పరీక్షకు సొమ్మును వ్యయము చేయడు.

శ్రీకాకుళములో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయము, తెలుగు కథలు మొదట అచ్చయిన పాత పత్రికల పుటలను సేకరించి కాపాడుచున్నది. ఒకనాటి పుటను పారవేయనందుననే నేడు ఆ కథను సరిగా చదువగలుగుచున్నారు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామ గ్రంథాలయము నేర్పుచున్నదియు అదియే. పుస్తకములను కాపాడు ఆ శ్రద్ధతోనే ప్రతి యింటివారు తమ రోగుల కాగితములను కాపాడుదురు గాక! ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొనునాటికి, పరీక్ష నడుమ వెనుకకు మరలిన రోగి ఈ ఊర నొక్కడును లేకుండుగాక!